రెండడుగుల ట్యాంకు, బోరు నీళ్లు, చెన్నై ఎండ: ఏ చేప పెట్టుకోవాలి?

మీ ప్రశ్నని ముందు కుదించి రాస్తున్నా, తర్వాత చదివేవాళ్లకి తల తోక అర్థం కావాలి కదా. పెరంబూరులో అద్దె ఇల్లు. హాల్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు. గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు చూసి చూసి మొహం మొత్తింది, ఎవరింట్లోనూ లేనివి కావాలి. రంగు చేపల షాపులుండే కొళత్తూరు వెళ్లి నాలుగు రకాలు చూసొచ్చారు: పీ పఫర్, గెలాక్సీ రాస్బోరా, బ్లాక్ ఘోస్ట్, రంగురంగుల గ్లాస్ ఫిష్. నాలుగూ కలిపి పెట్టొచ్చా అని అడిగారు. బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 1,100 చూపిస్తోంది. ఏసీ లేదు. సంక్రాంతికి పది రోజులు నెల్లూరు వెళ్తారు.

నాలుగూ కలిపి వద్దండీ. రెండు అసలే వద్దు, ఒకటి చెన్నైలో వద్దు, మిగిలిన ఒక్కటి పెట్టొచ్చు గానీ దానికి ట్యాంకు మొత్తం రాసిచ్చేయాలి.

ముందు వద్దన్నవాటి సంగతి. బ్లాక్ ఘోస్ట్ షాపులో మూడంగుళాలుంటుంది. నల్లగా, పొట్ట కింద పొడవునా ఉన్న ఒకే ఒక్క రెక్కని ఆడిస్తూ ముందుకీ వెనక్కీ అదే వేగంతో ఈదుతుంది, చూస్తే ఎవరికైనా మనసు లాగేస్తుంది. పెరిగితే 45 సెంటీమీటర్లు. మీ ట్యాంకు వెడల్పు 30 సెంటీమీటర్లు. ఒళ్లు తిప్పుకోవడానికే చోటుండదు. రంగుల గ్లాస్ ఫిష్ కథ ఇంకా ఘోరం. ఆ చేప మన దేశానిదే, పుట్టుకతో గాజులా ఉంటుంది, వెన్నెముక, లోపలి అవయవాలు బయటికి కనిపిస్తాయి, దాని అందమే అది. ఆ గులాబీ, పచ్చ, నీలం రంగులు సూదితో ఒంట్లోకి ఎక్కించినవి. కొన్ని నెలల్లో రంగు వెలిసిపోతుంది, ఆ లోపు సూది గాయాల నుంచి రోగాలు పట్టుకుని చాలా చేపలు పోతాయి. రంగు వేయని గ్లాస్ ఫిష్ అడిగితే చాలా షాపుల్లో ఉంటుంది, దాన్నే కొనండి, రంగుదాన్ని కొంటే మళ్లీ ఇంకో వంద చేపలకి సూది గుచ్చమని మనమే ఆర్డర్ ఇచ్చినట్టు.

గెలాక్సీ రాస్బోరా మాత్రం నిజంగా అద్భుతమైన చేపే, కాదనను. రెండు సెంటీమీటర్ల చేప, నీలి ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు చుక్కలు, రెక్కలకి ఎర్ర చారలు. 2006లో మయన్మార్‌లో హోపోంగ్ దగ్గర బయటపడింది, ఏడాది తిరక్కుండానే ప్రపంచమంతా దాని వెంటపడింది. చిక్కు ఎక్కడంటే అది వెయ్యి మీటర్ల ఎత్తులో, చల్లటి, లోతులేని నీళ్ల గుంటల్లో పుట్టిన చేప, దానికి 22 నుంచి 25 డిగ్రీలు హాయి. మే నెలలో ఏసీ లేని పెరంబూరు హాల్లో నీళ్లు 31, 32 దాకా పోతాయి. బెంగళూరులో ఉన్న మా బంధువుల ఇంట్లో అదే చేప గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా చేసింది, ఆ ఊరి చలువ అది. మనం దాన్ని చూసి వాతలు పెట్టుకోకూడదు.

ఈ వేడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపువాళ్లు చెప్పరు. చెప్పరు సరికదా, హీటర్ కూడా అంటగడతారు. చెన్నైలో డిసెంబర్, జనవరి నెలల్లో కూడా ఇంట్లో ఉన్న నీళ్లు పెద్దగా చల్లబడవు, హీటర్ డబ్బులు మిగుల్చుకోండి. మన బాధంతా ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైన ఉండేది 32కి వచ్చేసరికి 7 చిల్లరకి పడిపోతుంది. అదే సమయంలో చేపకి ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పులి మీద పుట్రలా అప్పుడే కరెంటు పోతుంది. అందుకే ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి, బ్యాటరీతో ఆడే చిన్న పంపు ఒకటి కొని పక్కన ఉంచండి. ఎండాకాలంలో చిన్న క్లిప్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, గాలిలో తేమ మరీ ఎక్కువున్న రోజుల్లో అంత కూడా తగ్గదు. ఫ్యాన్ పెట్టాలంటే గాజు మూత తీయాలి, మూత తీస్తే చేప దూకుతుంది, కాబట్టి దోమల జాలీ ముక్కని ఫ్రేముకి బిగించి మూతలా వేయండి.

ఫ్యాన్ వల్ల ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పులు ఆవిరవ్వవు. తగ్గిన నీళ్లని మళ్లీ బోరు నీళ్లతోనే నింపితే వారం వారం టీడీఎస్ పెరుగుతూ పోతుంది. ఆవిరైనంత మేరకి ఆర్వో నీళ్లు పోయండి, వారానికోసారి పావు ట్యాంకు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేపని చూసి ముచ్చటపడి కొనేసి, ఆ తర్వాత దానికోసం నీళ్లని మార్చడానికి తంటాలు పడటం మన హాబీలో నూటికి తొంభై మంది చేసే పని. మీరు తిరగేసి ఆలోచించండి. మీ సంపులో ఉన్న నీళ్లు ఎలాంటివో చూసి, అలాంటి నీళ్లలోనే పుట్టి పెరిగే వింత చేప ఏదో వెతకండి. వింత చేపలకి కరువేం లేదు, మెత్తటి నీళ్లవీ ఉన్నాయి, గట్టి నీళ్లవీ ఉన్నాయి, ఉప్పు తగిలే నీళ్లవీ ఉన్నాయి.

టీడీఎస్ 1,100 అన్నారు. ఆ అంకె ఒక్కటే చూసి నేనేం చెప్పలేను, ఎవరైనా చెబితే నమ్మకండి. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపిస్తుంది, అవి ఏ ఉప్పులో చెప్పదు. చేపకి కావలసింది కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయన్నది, అంటే కాఠిన్యం. దాన్ని కొలవడానికి జీహెచ్ కిట్ అని అక్వేరియం షాపుల్లోనే దొరుకుతుంది, చిన్న గొట్టంలో నీళ్లు పోసి రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే, ఎక్కువ కిట్లలో ఒక్కో చుక్క ఒక్కో డిగ్రీ. ఒక డిగ్రీ అంటే లీటరుకి సుమారు 18 మిల్లీగ్రాముల కాఠిన్యం. కిట్ కొనేలోపు ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు. కుళాయి మూతికి, గీజరు కాయిల్‌కి, బాత్రూమ్ బకెట్‌కి తెల్లటి సున్నపు పొర కడుతోందా? సబ్బు నురగ రాక తలస్నానం చేస్తే జుట్టు చీపురైపోతోందా? అయితే అది గట్టి నీరు. అలా కాకుండా సబ్బు బాగానే నురగ వస్తూ, నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలితే అందులో ఉన్నది ఎక్కువగా సోడియం. ఉత్తర చెన్నై వైపు, ముఖ్యంగా మీంజూరు చుట్టుపక్కల, భూగర్భ జలాల్లోకి సముద్రపు నీళ్లు చొరబడ్డ సంగతి చాలా ఏళ్లుగా తెలిసిందే, పెరంబూరు అంత ఉత్తరాన లేకపోయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

మీది అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌ని ఒక ప్రశ్న అడగండి: సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందా? ఉంటే మీరు కుళాయిలో పట్టుకునే నీళ్లు వింత రకం. ఆ ప్లాంటు కాల్షియాన్ని తీసేసి దాని బదులు సోడియం పెడుతుంది. సబ్బు నురగ వస్తుంది, టీడీఎస్ మీటరు అంకె మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. గట్టి నీళ్ల చేపలకి అందులో కాల్షియం ఉండదు, మెత్తటి నీళ్ల చేపలకి అందులో ఉప్పు ఎక్కువ, రెండింటికీ చెడ్డ రేవడి. అలాంటప్పుడు ప్లాంటుకి వెళ్లకముందు బోరు నుంచి నేరుగా వచ్చే కుళాయి ఎక్కడుందో కనుక్కుని అక్కడ పట్టుకోవాలి, చాలా చోట్ల మొక్కలకి పెట్టే కుళాయి అదే.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది, లారీ నీళ్లు. బోరు, మెట్రో వాటర్, లారీ మూడూ ఒకే సంపులో కలిసే ఇళ్లలో ఈ వారం నీళ్లు వేరు, పై వారం నీళ్లు వేరు. ట్యాంకులో పోసే ముందు ప్రతిసారీ మీటరు పెట్టి చూడండి, ట్యాంకు నీళ్లకీ కొత్త నీళ్లకీ తేడా మరీ ఎక్కువుంటే ఆ రోజు పావు బదులు పదో వంతు మార్చి ఊరుకోండి. మీకు వీధిలో మెట్రో వాటర్ వస్తుంటే, అది బోరు కన్నా చాలా నయం. మన కృష్ణ నీళ్లే కండలేరు నుంచి కాలువలో పూండికి చేరి అందులో కలుస్తాయి, మీ నెల్లూరు జిల్లా మీదుగానే కదా. క్లోరిన్ ఉంటుంది గనక యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా పోయకండి.

సరే, కొలిచారు, జీహెచ్ 15 పైన వచ్చింది అనుకుందాం. బోరు నీళ్లకి ఎక్కువగా వచ్చేది అదే. అయితే నా ఓటు కళ్లు మూసుకుని షెల్ డ్వెల్లర్స్‌కి. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సులో ఉంటాయి, అక్కడి నీళ్ల పీహెచ్ 9 దగ్గర, గట్టి నీళ్లు. షాపుల్లో మల్టీ అంటారు, పూర్తి పేరు నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియాటస్. మగది నాలుగున్నర సెంటీమీటర్లు, ఆడది మూడు. సిక్లిడ్ అనే చేపల కుటుంబంలో ఇంతకన్నా చిన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రంగులేం ఉండవు, గోధుమ ఒంటి మీద సన్న చారలు, నీలి కళ్లు, షాపులో తొట్టిలో చూస్తే పది రూపాయలు కూడా పెట్టబుద్ధి కాదు. వీటి గొప్పంతా ప్రవర్తనలో ఉంది. చచ్చిన నత్తల ఖాళీ గుల్లల్లో కాపురం చేస్తాయి. ఒక్కో ఆడదానికి ఒక్కో గుల్ల సొంతం. ఇసుకని నోటినిండా తీసుకుని అవతలకి మోసుకెళ్లి ఉమ్మేసి, గుల్ల కింద గొయ్యి తవ్వి, దాన్ని మూతి పైకి ఉండేలా ఇసుకలో దిగేస్తాయి. మీరు చక్కగా సర్దిన ఇసుక మర్నాటికి గుట్టలు గోతులుగా ఉంటుంది. మీరు అలవాటుగా సర్దుతారు, అవి మళ్లీ తవ్వుతాయి, ఓడిపోయేది మీరే. గుడ్లు గుల్ల లోపల పెడతాయి, కొన్నాళ్లకి గుల్ల అంచున ఐదు మిల్లీమీటర్ల పిల్లలు వరసగా నిలబడి కనిపిస్తాయి, మీ చెయ్యి కదిలితే చాలు అన్నీ ఒక్కసారి లోపలికి. పెద్ద పిల్లల్ని వెళ్లగొట్టకుండా పక్క గుల్లల్లో ఉండనిస్తాయి, కాబట్టి కొన్నాళ్లకి ట్యాంకంతా మూడు తరాల ఉమ్మడి కుటుంబం.

గుల్లల కోసం డబ్బులు తగలెయ్యకండి. నెల్లూరు వెళ్తున్నారు కదా, కోతలయ్యాక పొలం గట్ల మీద ఖాళీ నత్తగుల్లలు బోలెడు పడి ఉంటాయి, మూతి రెండు మూడు సెంటీమీటర్లున్నవి ఏరుకురండి. పురుగుమందు అవశేషాలు ఉండొచ్చు గనక కొన్ని రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, తర్వాత బాగా ఉడకబెట్టండి, కంపు కొడుతుంది, ఇంట్లో మాట పడకుండా పాత గిన్నె వాడండి. చేపకి రెండేసి గుల్లలైనా ఉండేలా చూడండి. ఇసుక రెండంగుళాల మందం. ఇక్కడ ఒక జాగ్రత్త: ఇప్పుడు ఇళ్ల కట్టుబడి దగ్గర దొరికేదంతా ఎం శాండ్, అది రాయి పిండి చేసింది, అంచులు పదునుగా ఉంటాయి. నోటితో ఇసుక తోడే చేపకి అది వద్దు. సన్నటి నది ఇసుకో, అక్వేరియం షాపు ఇసుకో తెచ్చి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆరు చిన్న చేపలతో మొదలుపెట్టండి, ఆడా మగా అవే తేల్చుకుంటాయి. ఇంకే చేపనీ కలపొద్దు. వీటికి కూడా 30 డిగ్రీలు ఎక్కువే, 28 దాకా ఇబ్బంది లేదు, ఆపైన ఫ్యాన్ తప్పదు, గాలి బుడగలు బాగా ఆడించాలి. గెలాక్సీ కన్నా మాత్రం ఎంతో గట్టి పిండాలు.

మీ నీళ్లు ఉప్పు తగిలే రకం అని తేలితే దారి వేరు, అక్కడ నాకు మరీ ఇష్టమైన చేప ఒకటుంది. స్పైక్ టెయిల్ ప్యారడైజ్ ఫిష్, సూడోస్ఫ్రోమెనస్ కుపానస్. ఇది మన దక్షిణ దేశపు చేప, వరి మళ్లు, చెరువులు, కాలవలు, ఉప్పు కలిసే ఏటి మొగల దగ్గర కూడా ఉంటుంది. 1831లో శాస్త్రవేత్తలు మొదట వర్ణించింది పుదుచ్చేరి పక్కన అరియాంకుప్పం ఏటి చేపనే. ఆరు సెంటీమీటర్లకి మించదు. నీటి పైకి వచ్చి గాలి మింగి ఊపిరి తీసుకోగలదు, అందుకే మన ఎండాకాలం దీనికి లెక్కలోకి రాదు. మామూలుగా చూస్తే మట్టి రంగు చేప. జత కట్టే సమయానికి మగదాని రెక్కల అంచులు ఎర్రబారతాయి, ఆడది దాదాపు కాటుక నలుపుకి మారిపోతుంది, అదేదో వేరే చేప వచ్చి చేరిందా అనిపించేంతగా. మగది ఏదో ఒక ఆకు కిందో కొబ్బరి చిప్ప కిందో బుడగలతో గూడు కట్టి గుడ్లకి కాపలా కాస్తుంది. ఎవరింట్లోనూ లేని చేప కావాలన్నారు కదా, ఇంత దగ్గర్లో ఉండి కూడా ఇది నిజంగానే ఎవరింట్లోనూ ఉండదు. కొళత్తూరులో అన్ని షాపుల్లో దొరకదు, చెప్పి పెట్టుకోవాలి.

అదే నీళ్లకి రైస్ ఫిష్ కూడా బాగుంటుంది, ఒరిజియాస్ డాన్సెనా. మూడు సెంటీమీటర్ల పారదర్శకమైన చేప, మంచి నీళ్ల నుంచి సముద్రపు నీళ్ల దాకా దేనికైనా నెమ్మదిగా అలవాటు పడుతుంది. ఆడది గుడ్ల గుత్తిని పొట్ట కింద వేలాడేసుకుని గంటల తరబడి తిరిగి, తర్వాత మొక్కలకి అంటిస్తుంది. దీని జపాన్ బంధువు మెదాకా 1994లో అంతరిక్షంలో కూడా గుడ్లు పెట్టి పిల్లల్ని చేసింది, వెన్నెముక ఉన్న జీవుల్లో అదే మొదటిది. ఎనిమిది పది కలిపి పెట్టాలి, ఒకటీ రెండూ అయితే బిక్కచచ్చిపోతాయి. ఇంకా ఆరెంజ్ క్రోమైడ్ ఉంది, మన పులికాట్ సరస్సు చేప. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురుని తింటూ పెరుగుతాయి, ఆ దృశ్యం చూడాలి గానీ చెప్పలేం. కాకపోతే ఎనిమిది సెంటీమీటర్లు పెరిగే చేప, మీ ట్యాంకులో ఒక్క జంటకే సరి, అదీ ఇరుకే. మూడడుగుల ట్యాంకుకి మారే ఉద్దేశం ఉంటే చూడండి.

మెత్తటి నీళ్ల చేపలే కావాలని పట్టుబడితే ఆర్వో నీళ్లలో నాలుగో వంతు బోరు కలిపి వాడాలి, ఆ ఓపిక ఏళ్ల తరబడి ఉంటేనే. అప్పుడు స్పార్క్లింగ్ గౌరామి తెచ్చుకోండి, నాలుగు సెంటీమీటర్లు, రాత్రి లైటు ఆర్పాక టక్ టక్ మని శబ్దం చేస్తుంది, టీవీ కట్టేస్తే సోఫాలో కూర్చున్నవాళ్లకి వినబడుతుంది. స్కార్లెట్ బాడిస్ అని బ్రహ్మపుత్ర వైపు చేప చాలా మంది చెబుతారు, మంటలాంటి ఎరుపు, కానీ గుళికల తిండి ముట్టదు, వేడి ఓర్వదు, షాపుల్లో రంగు కోసం మగవే తెస్తారు, అవి కొట్టుకు చస్తాయి. మొదటిసారికి వద్దు. మరుగుజ్జు కొర్రమీనులు, అవే డ్వార్ఫ్ స్నేక్‌హెడ్స్, ఇప్పుడు చెన్నైలో పెద్ద ఫ్యాషన్, వాటి గురించి కూడా ఎవరో ఒకరు మీ చెవిలో ఊదుతారు. ఈశాన్యం వైపు రకాలకి చలికాలంలో నీళ్లు బాగా చల్లబడాలి, ఇక్కడ చల్లబడవు, పైగా రెండడుగులు చాలదు.

ఇక మీ జాబితాలో మిగిలిన పీ పఫర్. మన పడమటి కనుమల చేప, 1941లో పంపా నదిలో దొరికినదాన్ని బట్టి వర్ణించారు. మూడు సెంటీమీటర్ల బుడంకాయ, రెండు కళ్లూ వేటికవి విడివిడిగా తిప్పుతుంది. నత్తని వేటాడేటప్పుడు చూడాలి: ముందు దూరంగా గాలిలో నిలబడ్డట్టు ఆగుతుంది, తలని కాస్త పక్కకి వంచి ఒక కన్నుతో చూస్తుంది, నత్త మీసాలు బయటపెట్టేదాకా కదలదు, పెట్టిందో లేదో ఒక్క కాటు. తర్వాత ఆ మీసం ముక్క నములుతూ ఏమీ ఎరగనట్టు పక్కకి పోతుంది, మళ్లీ వస్తుంది. గప్పీ తోకలకి కూడా అదే గతి, అందుకే ఇంకే చేపతోనూ కలపొద్దన్నది. వీటిలో వీటికీ పడదు. ఒక మగది, రెండు మూడు ఆడవి, ట్యాంకు నిండా దట్టంగా మొక్కలు, ఒకదానికొకటి కనిపించకుండా ఉంటేనే శాంతి. పెద్దయిన మగదానికి పొట్ట మధ్యలో పొడవునా నల్ల గీత ఉంటుంది, చిన్నప్పుడు ఎవరూ చెప్పలేరు, షాపువాడు చెప్పినా అది ఊహే. కాస్త గట్టి నీళ్లకి ఇబ్బంది పడదు, 1,100 మాత్రం దించి ఇవ్వాలి, సగానికి సగం ఆర్వో కలపండి. గుళికలు తినదు, గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్స్, నత్తలే తిండి. కాబట్టి పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలో రామ్స్‌హార్న్ నత్తల్ని పెంచాలి, అవి మీరు వద్దన్నా పెరుగుతాయి. ట్రంపెట్ నత్తల గుల్ల మరీ గట్టిది, వేయకండి. ఒక విషయం గుర్తుంచుకోండి, షాపులకి వచ్చే పీ పఫర్లలో ఎక్కువ భాగం వాగుల్లో పట్టి తెచ్చినవే, ఆ జాతి ఇప్పటికే అంతరించే ముప్పున్న జాబితాలో ఉంది. తీసుకుంటే బతికించే ఏర్పాట్లన్నీ చేసుకున్నాకే తీసుకోండి.

ఏ చేపైనా సరే, కొనే ముందు షాపులో తిండి వేయించి చూడండి. "అణ్ణా, కొంజం తీని పోట్టు కాట్టుంగ" అంటే మొహం చిట్లించకుండా వేసేవాడే మంచి షాపువాడు. తినని చేప కొనొద్దు. కడుపు లోపలికి పోయి, తల పెద్దగా కనబడుతున్న చేపకి పేగుల్లో పురుగులు ఉన్నట్టే. ఆదివారం రద్దీలో కాకుండా వారం మధ్యలో వెళితే మాట్లాడే తీరిక వాళ్లకీ ఉంటుంది. సరుకు దిగిన రోజే కొనకండి, నాలుగు రోజులు షాపులో బతికినవి తెచ్చుకోవడం మేలు.

అన్నిటికన్నా ముందు ఖాళీ ట్యాంకుని ఫిల్టర్ పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు నడపాలి. చిటికెడు చేపల తిండి వేస్తూ ఉంటే అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని తినే బ్యాక్టీరియా స్పాంజిలో కాపురం పెడుతుంది. ఇది అందరూ చెప్పేదే, మీరు వినే ఉంటారు. కానీ బోరు నీళ్లవాళ్లకి ఇది రెండింతలు ముఖ్యం ఎందుకో చెబుతా. అమ్మోనియా ఎంత విషం అన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు, పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. మెత్తటి నీళ్ల ట్యాంకులో తొందరపడ్డవాళ్ల చేపలు తట్టుకుని నిలబడొచ్చు, మీ నీళ్లలో అదే తొందర పెడితే రెండో రోజే తేలతాయి. తెలిసినవాళ్ల ట్యాంకు నుంచి పాత స్పాంజి ముక్క తెచ్చుకుంటే ఈ ఆరు వారాలు బాగా తగ్గుతాయి, వాళ్ల చేపలు ఆరోగ్యంగా ఉంటేనే సుమా.

తిండి విషయంలో, షాపుల్లో ప్రాణంతో అమ్మే ట్యూబిఫెక్స్ ఎర్ర పురుగులు వద్దు, అవి మురుగు కాలవల్లో పెరిగేవి. ఇంట్లో బకెట్‌లో దోమ పిల్లల్ని పెంచుదామనుకుంటారు కొందరు, డెంగీ రోజుల్లో కార్పొరేషన్‌వాళ్లు చూస్తే జరిమానా, పక్కింటివాళ్లు చూస్తే గొడవ. ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల గుడ్లు తెచ్చుకోండి. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టి, లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల రాళ్లుప్పు కలిపి, ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా దించి, పావు చెంచా గుడ్లు వేస్తే మన వేడికి ఒక్క రోజులో నారింజ రంగు చుక్కలు గిరగిర తిరుగుతూ కనిపిస్తాయి. పంపు ఆపి, పక్కన టార్చి పెడితే అన్నీ వెలుతురు వైపు చేరతాయి, పైపుతో లాగి పల్చటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి ట్యాంకులో వేయడమే. మల్టీ పిల్లలకి ఇది అమృతం, రైస్ ఫిష్ పిల్లలకి కూడా, అవి పుట్టిన మొదటి వారం దాటాక.

మల్టీలైనా రైస్ ఫిష్ అయినా సంఖ్య పెరుగుతుంది, ట్యాంకు పెరగదు. మిగిలినవి షాపుకి తిరిగి ఇవ్వండి, చాలా మంది తీసుకుంటారు. చెరువులోనో గుడి కోనేరులోనో పుణ్యం అని వదలొద్దు. గ్లాసు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేపల్ని ఇలాగే వదిలితే ఇవాళ మన చెరువుల్లో, కాలవల్లో దెయ్యం చేప పేరుతో వలలు చింపుతున్నాయి, జాలర్లని అడిగితే చెబుతారు.

సంక్రాంతి సంగతి. జనవరిలో నీళ్లు ఎండాకాలం కన్నా కాస్త చల్లగా ఉంటాయి, చేప ఆకలి తగ్గుతుంది, కడుపు నిండి ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు పది రోజులు తిండి లేకుండా ఉండగలవు. షాపుల్లో అమ్మే సెలవుల తిండి బిళ్లలు వేయకండి, అవి కరిగి నీళ్లు పాడు చేస్తాయి. పఫర్ ఉంటే గుప్పెడు నత్తలు వదిలి వెళ్లండి, సరిపోతుంది. మల్టీ పిల్లలు ఇసుక మీదా గుల్లల మీదా పాచి గీక్కుని గడిపేస్తాయి, స్పాంజిని పూర్తిగా కడిగెయ్యకుండా ఉంచండి. నీళ్లు మార్చడం బయల్దేరే రోజు కాదు, రెండు రోజుల ముందే అయిపోవాలి, ఏదైనా తేడా వస్తే మీరుండగానే తెలుస్తుంది. లైటు టైమర్‌కి పెట్టండి, లేదా ఆపేయండి, మొక్కలకేం కాదు. ఎదురింటివాళ్లకి తాళం ఇస్తే, కరెంటు పోయి వచ్చాక ఎయిర్ పంపు ఆడుతోందో లేదో చూడమని మాత్రమే చెప్పండి. తిండి డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లండి, లేకపోతే పాపం ఆకలేస్తుందేమోనని జాలిపడి పది రోజుల తిండి ఒక్క పూటలో వేసేస్తారు.